ఎవరి పేరు మీద

ల్యాబులో రిపోర్టులు తయారవుతున్నాయి. డాక్టర్ల తెర మీదికి మాత్రం ఒక్కటీ రావడం లేదు.

ఏక్‌బాల్‌పూర్‌లోని ఆసుపత్రి నుంచి పొద్దుటి నుంచీ ఫోన్లే. నర్సులు కాగితాలు పట్టుకుని మెట్లెక్కి దిగుతున్నారట. ఆ ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన సెక్టర్ ఫైవ్ ఆఫీసులో, మేనేజర్ శ్యామసుందర్ గారు ఫోను పెట్టేసి నేరుగా కామేష్ దగ్గరికి వచ్చారు.

"నిన్న సర్వీస్ అకౌంట్లు మార్చింది నువ్వే కదా?"

"నేనే సర్."

ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం గుమ్మం దాటాలంటే తనెవరో చెప్పుకోవాలి. అందుకోసం ప్రోగ్రాంలకే విడిగా తెరిచే ఖాతాలు అవి. మనుషుల ఖాతాలు అక్కడ వాడకూడదు. కామేష్ వాటికి కొత్త పాస్‌వర్డ్‌లు పెట్టాడు. పొద్దున దాకా అన్నీ బాగానే నడిచాయి. ఆఫీసు తెరిచాక ల్యాబు ప్రోగ్రాం ఒక్కటే గుమ్మం బయట ఆగిపోయింది.

"అది ఆగినప్పుడు నువ్వు సీట్లో లేవు. ఎక్కడికెళ్లావు?"

కామేష్ పక్క సీటు వైపు చూశాడు. అక్కడ మైథిలి. వాళ్లిద్దరికీ పెళ్లయి నెల తిరగలేదు. పొద్దున అది ఆగే వేళకి ఇద్దరూ కింద హెచ్‌ఆర్‌లో ఉన్నారు. టికియాపారా నుంచి వచ్చి అక్కడ పనిచేసే పుష్పరాణి ఆంటీ, "ఏటమ్మా పెళ్లికూతురా, నోరు తీపి చేసుకోకుండా పోతావేటి?" అంటూ ఒకే సందేశ్ మిఠాయిని తుంపి ఇద్దరికీ పెట్టింది. కంప్యూటర్లో పేరు మార్చి, మైథిలి మెడలో కొత్త ఐడీ కార్డు వేసింది. దాని మీద కామేష్ ఇంటిపేరు. మెట్లెక్కుతూ మైథిలి దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. ఆమె చూడనప్పుడు కామేష్ చూశాడు.

సందేశ్ తింటున్నానని ఎలా చెప్పడం?

మధ్యాహ్నంలోగా సంగతి తేలకపోతే సస్పెండ్ చేయమని పైకి రాయాల్సి వస్తుందన్నారు శ్యామసుందర్ గారు. రోగుల వ్యవహారం, పోలీసుల దాకా పోవచ్చు.

మైథిలి లేచింది. "మా ఆయన... కామేష్ అలాంటి పని చేయడు సర్."

"నీకు అలాగే అనిపిస్తుందిలేమ్మా."

"ల్యాబు ప్రోగ్రాం రాసింది నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వాళ్లు తొందరపెడితే ఎలాగో పూర్తి చేసిచ్చాను. నన్ను చూడనివ్వండి. ఎవరి వల్ల ఆగిందో నేనే పట్టుకుంటాను."

"పట్టుకున్నాక అది ఎవరైనా సరే, పేరు పైకి వెళ్తుంది. సరేనా?"

"సరే సర్."

కామేష్ తన మట్టి కప్పులోని టీ ఆమె వైపు జరిపాడు. ఇంత గొడవలోనూ మొదటి గుక్క ఆమెదే. ఆ గుక్క తాగి, మైథిలి ల్యాబు ప్రోగ్రాం వెనక్కి తిరిగొచ్చిన ప్రతిసారీ నమోదయ్యే చిట్టా తెరిచింది. శ్యామసుందర్ గారు కుర్చీ వెనకే నిలబడ్డారు.

ప్రతి వరుసలోనూ అదే తంతు. ప్రోగ్రాం గుమ్మం దగ్గరికి వస్తుంది. ఫలానా అని చెప్పుకుంటుంది. లోపలి నుంచి జవాబు: అలాంటి వారెవరూ ఇక్కడ లేరు.

ఆ ఫలానా ఎవరో చూడటానికి వరుసను పూర్తిగా విప్పింది.

చదివిన మైథిలి చెయ్యి మెడలోని కార్డు మీదికి వెళ్లింది: ఇన్నాళ్లూ ల్యాబు ప్రోగ్రాం ప్రతి గుమ్మం దగ్గరా చెప్పుకుంటున్నది, పొద్దున సందేశ్ తినిపించి పుష్పరాణి ఆంటీ కంప్యూటర్లోంచి తీసేసిన తన పుట్టింటి పేరే.