అద్దంలాంటి సందు

“చూశావా, మళ్ళీ!” అంటూ లిఫ్టు దగ్గర పడున్న కాఫీ కప్పును వంగి తీశాడు సంతోషం. “హనోయ్‌లో మా సందులో అయితేనా...”

“అయ్యింది, మొదలైంది,” అంది రూపవతి, కూరల సంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ. “ముందు లిఫ్టు ఎక్కండి. మీ సందు ఎక్కడికీ పోదు.”

స్కార్‌బరోలోని ఆ బిల్డింగులో సంతోషం నోట హనోయ్ సందు కబుర్లు వినని తెలుగువాడు లేడు. కెనడా రాకముందు రోడ్ల కంపెనీ పనిమీద ఆయన ఏడాదిపాటు వియత్నాంలో ఉన్నాడు. ఇరవై ఏళ్ళు దాటిపోయినా మనిషి ఇక్కడ, మనసు అక్కడ. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో సమోసా తింటూ కూడా అదే గొడవ.

“ఇళ్ళు రైలుపెట్టెల్లా ఉంటాయండీ. ముందువైపు ఒక్క గది వెడల్పే, లోపలికి పోతే మాత్రం ఎంత పొడుగో! పైకి మూడంతస్తులు, నాలుగంతస్తులు. పసుపు గోడలు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, బాల్కనీ నిండా పూలకుండీలు. ఇక సందు సంగతా? అద్దమే అనుకోండి. కింద అన్నం పెట్టుకు తినొచ్చు!”

వినేవాళ్ళు తలూపి, ఇంకో సమోసా కోసం లేచి వెళ్ళిపోయేవారు.

“ఏ ఇల్లు ఎంత వెడల్పో ఇప్పటికీ చెబుతారు. బీపీ మాత్ర వేసుకున్నారో లేదో మాత్రం గుర్తుండదు,” అని రూపవతి దెప్పేది.

దెప్పినందుకు ఆయనకేం బాధ లేదు. బాధల్లా వేరే. ఆ సందులో ఏ గడప ఎక్కినా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పుట్టిన ఊళ్ళో కూడా అంత మర్యాద దొరకలేదు. అది నిజమేనా, తనే కల్పించుకున్నాడా? అక్కడివాళ్ళు ఒక్కరైనా తనని తలుచుకుంటారా? అది తెలియకుండానే పోతానేమోనని బెంగ. పోనీ వెళ్ళి చూసొద్దాం పదండి అని రూపవతి అంటే మాత్రం మోకాళ్ళ నొప్పి అడ్డం వచ్చేది.

అలా ఉండగా, ఎదురు ఫ్లాట్‌లోకి థుయ్ అనే నర్సమ్మాయి అద్దెకు దిగింది. వాళ్ళది హనోయ్ అని తెలిసిన క్షణం నుంచీ సంతోషానికి కాలు నిలవలేదు. శనివారం టీకి పిలిచేదాకా ఊరుకోలేదు. బిల్డింగులో తెలుగు పిల్లల్ని చూసి ఆ అమ్మాయి కూడా అంకుల్, ఆంటీ అనడం నేర్చేసుకుంది. మిగతా మాటలన్నీ ఇంగ్లీషులోనే.

“హనోయ్‌లో ఎక్కడమ్మా?”

“పాత బజారు వెనక చిన్న సందు. చెప్పినా మీకు తెలీదు అంకుల్.”

“సందు మొదట్లో గోడకి అద్దం తగిలించుకుని ఒకాయన క్షవరం చేసేవాడు. అదేనా?”

కప్పు నోటిదాకా తీసుకెళ్ళినదల్లా ఆగిపోయింది థుయ్. “మీకెలా తెలుసు?”

“దగ్గర్లోనే మా ఆఫీసు ఉండేదిలే. ఆయన పక్కన సైకిల్ షాపు. ఆ పక్కన నీలం తలుపుల ఇల్లు, మెట్లకింద పక్షి పంజరం...”

“అది మా పెద్దమ్మ ఇల్లు!” అంటూ లేచి నిలబడింది.

ఇక చూడాలి ఆ ఇద్దరి సంబరం! కూర్చున్నచోటే ఇల్లిల్లూ ఎక్కి దిగారు. ఏ ఇంటి మేడమెట్లు విరిగాయో, ఎవరి బాల్కనీ పక్కింటిమీదకి ఒరిగిందో ఆయన చెప్పాడు. ఆ విరిగిన మెట్లమీదే తను జారిపడ్డ సంగతి ఆమె చెప్పింది. సాయంత్రం చెత్తబండి గంట మోగగానే ఇంటికొకరు బుట్ట పట్టుకుని పరిగెత్తడం తలుచుకుని ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే థుయ్ కళ్ళు తుడుచుకుంది.

రూపవతికి సిగ్గేసింది. ఇన్నేళ్ళూ గొప్పలనుకుంది. పాపం, మనిషి ఉన్నదే చెప్పాడు.

“పొద్దున్నే ఒక ముసలావిడ నీళ్ళు చల్లి మరీ ఊడ్చేదమ్మా. ఇంటికొచ్చినవాళ్ళకి తామరపూల టీ ఇచ్చేది,” అన్నాడు సంతోషం.

“మా అమ్మమ్మే! అది పండక్కి దాచుకునే టీ అంకుల్. మాకే ఇచ్చేది కాదు.”

సంతోషం గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళుగా లోపల నలుగుతున్న మాట, వేరే ఎవరి గురించో అడిగినట్టు బయటికొచ్చింది. “ఆ రోజుల్లో మా ఇండియన్ ఒకాయన మీ సందుకి వస్తుండేవాడు. గుర్తున్నాడా?”

“పసుపు టోపీ ఆయనా? ఎలా మర్చిపోతాను! అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆయన వస్తున్నాడంటే చాలు, సందంతా హడావుడి. మా ఇంట్లో ఇప్పటికీ ఆయన మాట వస్తూనే ఉంటుంది.”

రూపవతి నోరు తెరవబోతే, ఉండమని కళ్ళతోనే సైగ చేశాడు సంతోషం. ఆయనకు ఇంకా వినాలని ఉంది.

“ఏమైనా శుభ్రత అంటే మీవాళ్ళదేనమ్మా. ఇక్కడ లిఫ్టు దగ్గర చూశావుగా, ఎంత అసహ్యంగా ఉంటుందో,” అంది రూపవతి మాట మారుస్తూ.

“అయ్యో ఆంటీ, మా సందు కూడా అంతకుముందు అలాగే ఉండేది,” అని నవ్వింది థుయ్. “ఆయన వచ్చిన ఏడాదే అంత మెరిసింది. అమ్మమ్మ గడపగడపకీ వెళ్ళి, అందరి చేతా చీపురు పట్టించేది.”

“ఆయనంటే అంత ప్రేమా?” అంది రూపవతి, భర్తకేసి మురిపెంగా చూస్తూ.

సంతోషం కళ్ళు చెమర్చాయి. ఈ ఒక్క మాట కోసమే కదా ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు.

“రోడ్డు కోసం మా ఇళ్ళు కూల్చడానికి కొలతలు తీసేది ఆయనే కదా ఆంటీ, చూసి జాలిపడతాడేమోనని.”