అల్లుడి గుడి

"ఆడ చప్పట్లెవరు కొడతాండారే?" కడపలోని ఇంట్లోంచి వీడియో కాల్‌లో కూతుర్ని అడిగింది అబీదా బీ.

"నేనేమ్మా. జపానోళ్ల గుడి ఇది, కొండ దారిలో ఉండాది. చప్పట్లు కొట్టి మొక్కుతారు."

"వాళ్ల దేవునికి చెవుడా? నీకు ఆ గుడితో ఏం పని? తోడెవరుండారు?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే ఎక్కుతాండా," అంది గౌసియా.

"ఒక్కదానివే కొండెక్కుతాండావా! నీ ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. మీ నాయనతో చెప్పి ఈ నెలలోనే ఇంటికి రప్పిస్తా."

"ఉగాదికి నువ్వు దేవుని కడప గుడిలో టెంకాయ కొట్టలేదా?"

"అది వేరే. వెంకటేశ్వరసామి మన అల్లుడు. మన బీబీ నాంచారమ్మను చేసుకున్యాడు."

గౌసియా నవ్వింది. "ఆ యమ్మ నాయనే పిల్చకచ్చి పెండ్లి చేసినాడా?"

"యాడ చేసినాడు! సామి మీద మనసుపడి ఆ యమ్మే ఢిల్లీ నుంచి కొండలు, అడవులు దాటుకుంటా వచ్చింది, ఒక్కతే..."

అబీదా బీ మాట అక్కడే ఆగింది. ఫోన్‌లో కొండగాలి హోరు మాత్రం వినిపిస్తోంది.

వాకిట్లో మోటార్‌ సైకిల్ ఆగింది. అబీదా బీ ఫోన్ తీసుకుని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసింది.

"మీ నాయన వచ్చినాడు," అంది గొంతు తగ్గించి. "పైకి ఇంకా శానా ఉండాదా?"