అచ్చం మా ఓడే

గిరిజ ఫోన్‌లో రెండో ఫోటోకి వెళ్లకముందే లక్ష్మీబాయి, "అచ్చం మా ఓడే" అంది.

తాము ఎక్కిన ఓడ వేరని, లక్ష్మీబాయి నిరుడు ఎక్కిన ఓడ వేరని, పేర్లు కూడా కలవవని గిరిజ ఓపిగ్గా చెప్పింది.

"పేరుదేముంది చెల్లె. కార్పెట్ చూడు. మా దాంట్ల గూడ గిదే ఎర్రది, గివే పూలు."

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో స్టీలు సామాన్ల దుకాణం పెట్టిన ఇరవై రెండేళ్లలో గిరిజ, మల్లేశం సరదా కోసం ఊరు దాటింది ఇదే మొదటిసారి. ముంబయిలో ఓడ ఎక్కి నాలుగు రోజులు సముద్రం మీద తిరిగొచ్చారు. ఆ ముచ్చట చెప్పడానికే గిరిజ వాడకట్టు ఆడవాళ్లను పిలిచి, అటుకులతో పోహా చేసి, కొత్త చీర కట్టుకుంది. వచ్చినవాళ్లు పోహా తింటూ లక్ష్మీబాయి వైపు తిరిగి కూర్చున్నారు. ఓడ గిరిజది, ముచ్చట లక్ష్మీబాయిది అయింది.

గాజు లిఫ్టు చూపిస్తే తమదీ గాజుదేనంది. మెలికల మెట్లు చూపిస్తే, ఆ మెట్ల మీదే తన మోకాలు పట్టేసిన కథ మొదలుపెట్టింది. పక్కింటి రాజక్క ఆ మోకాలికి ఏ నూనె రాసుకుందో కూడా అడిగి తెలుసుకుంది. నిరుటి ఫోటోలు ఏవని ఇంకెవరో అడిగితే, ఫోన్ మార్చినప్పుడు పోయాయట.

మల్లేశం పెళ్లానికి సాయం చేయబోయి, ఉన్న కాస్త పరువూ తీశాడు. ఒకే మోడల్‌లో కట్టిన ఓడలకు తివాచీ నుంచి తలుపు గొళ్లెం దాకా అన్నీ ఒకటేనని ఓడలో పనిచేసే మనిషే చెప్పాడట.

"మన దుర్గాపూర్ బొగ్గుగని కాలనీ క్వార్టర్ల లెక్కనే. డ్యూటీ దిగినోడు పక్కింట్లకు వోయి అన్నం పెట్టమన్నా తప్పు వట్టరాదు," అన్నాడు.

అందరూ నవ్వారు. గిరిజకు నవ్వు రాలేదు. బతుకులో ఒక్కసారి ఎక్కిన ఓడ కూడా ఒకరు వాడి వదిలేసిందేనని పదిమందిలో తేలిపోయింది మరి.

ఆమె ఫోన్ పక్కన పెట్టి, అందరికీ చాయ్ పోసి, లక్ష్మీబాయి ఎదురుగా నెమ్మదిగా కూర్చుంది.

"అక్కా, తొమ్మిదో అంతస్తుల చిన్న వినాయకుని గుడి. గది గూడ మీ దాంట్ల ఉండెనా?"

లక్ష్మీబాయి కప్పు కింద పెట్టి, కళ్లు మూసుకుని చేతులు జోడించింది. రోజూ పొద్దున్నే తలస్నానం చేసి అక్కడ దీపం పెట్టిందట. పూజారి మన తెలుగాయనేనట, ప్రసాదానికి వేడివేడి రవ్వ శిరా పెట్టేవాడట.

"గా గంట సప్పుడు ఇంక నా చెవులల్లనే ఉన్నది చెల్లె."

రాజక్క కూడా భక్తిగా దండం పెట్టుకుంది.

ఓడలో గుడే లేదు.