రెక్కలు కోయకముందు

“కత్తి ఆపు నాయనా. ముందు దాని కన్ను చూడనీ.”

పడవ ఒడ్డుకు తగిలీ తగలకముందే నీలం టోపీ ముసలాయన మెట్లు దిగి వచ్చాడు.

పడవ యజమాని టోర్మడ్ కత్తి ఆపలేదు. మన టేకు చేపకు దగ్గరి చుట్టమైన స్కేటును పట్టి, రెండు రెక్కలూ పెట్టెలో వేసి, తలా తోకా సముద్రంలోకి విసరడం ఆ రేవులో తాతల నాటి పద్ధతి.

“చేపలకు కళ్లజోళ్లు రాసిస్తావా ఏంటి, డాక్టరు గారూ?”

పడవలో అందరూ నవ్వారు.

“కన్ను లేతపసుపైతే చిన్న జాతి. ముదురు పచ్చయితే పెద్ద జాతి. రెక్కలు కోశాక ఏది ఏదో దేవుడికీ తెలియదు.”

“తెలిసి ఏం చెయ్యాలి? పెనం మీద రెండూ ఒకటే.”

“పెద్దది గుడ్డు పెడితే పిల్ల బయటికి రావడానికి ఏడాదిన్నర. ఆ పిల్ల తల్లి కావడానికి ఇరవై ఏళ్లు. నీ వలకు అంత ఓపికుందా?”

“నా వలకు లేదు గానీ నాకుంది. లేకపోతే నిన్నింతసేపు మాట్లాడనిస్తానా? చివరి వలలోవి ఇంకా కొయ్యలేదు. చూసుకో ఫో.”

ఆయన చూశాడు. రాసుకున్నాడు. పదకొండేళ్లు, ప్రతి పడవ దగ్గరా అదే పని చేశాడు.

పేరు విల్‌ఫ్రెడ్ అని మాత్రమే తెలుసు. పెయిజీ నడిపే సారాదుకాణం పైగదిలో అద్దెకుండేవాడు. సర్కారు వేగు అని రేవంతా నమ్మింది.

దుకాణం గోడ మీద పెయిజీ తండ్రి తగిలించిన ఫొటో ఒకటుంది. కొక్కానికి వేలాడుతున్న మనిషంత స్కేటు; పక్కన, ముఖం మీద టోపీ నీడ పడిన కుర్రవాడెవరో. కింద పేరున్న మూల తేమకు చెరిగిపోయింది. ‘1969, 194 పౌండ్లు’ మాత్రం మిగిలింది.

ఆ రేవులో అంత చేపను మళ్లీ ఎవరూ పట్టలేదు. శనివారం తొలి గ్లాసు అతని పేరనే.

“మన రేవు మొనగాడికి!”

విల్‌ఫ్రెడ్ ఒక్కడే ఆ గోడకు వీపు తిప్పి కూర్చునేవాడు. గ్లాసు ఎత్తేవాడు కాదు.

“ఏడుపు,” అనేవాడు టోర్మడ్, వినబడేటట్టే. “జన్మలో చేపను పట్టి ఉండడు.”

ఫిబ్రవరిలో విల్‌ఫ్రెడ్ నిద్రలో పోయాడు. శవపేటిక మోయడానికి నలుగురు దొరకడం కష్టమైంది.

మార్చిలో ఉత్తర్వు వచ్చింది: స్కేటు వేట పూర్తిగా బందు. పెద్ద జాతి అంతరించిపోతోంది. రేవు పుస్తకాల్లో మాత్రం అన్నీ ‘స్కేటు’ అనే ఒకే పేరు కింద ఉన్నాయి. దేన్ని ఆపాలో తెలియనప్పుడు అన్నిటినీ ఆపడమే సబబని అధికారులు తేల్చారు.

“పడవ అమ్ముకోవడమే,” అన్నాడు టోర్మడ్.

పెయిజీ పైగదికి వెళ్లి, చేపల పెట్టె నిండా నోటుపుస్తకాలు తెచ్చింది. ముప్పై ఒకటి. ఏ పడవ, ఏ రోజు, ఏ కన్ను, ఆడా మగా, ఎంత వెడల్పు.

టోర్మడ్ వాటిని ఆ ఉత్తర్వు మీద అధికారులు జరిపే విచారణకు మోసుకుపోయి, వారం తర్వాత ఛాతీ విరుచుకుని తిరిగివచ్చాడు.

“చిన్న జాతి పట్టుకోవచ్చు, రెక్కలు కొయ్యకుండా తేవాలంతే. పచ్చ కన్నుదైతే ప్రాణంతో వదిలెయ్యాలి. ఇంత కచ్చితమైన లెక్క దేశంలో ఏ రేవుకీ లేదన్నారే పెయిజీ! మన రేవుకే ఉంది!”

“వేగు రాసిన లెక్కేగా,” అంది పెయిజీ.

టోర్మడ్ తల దించుకున్నాడు. తర్వాత సుత్తీ మేకూ అడిగాడు.

“ఆ మొనగాడి పక్కనే ఈయన ఫొటో పెడదాం. వెతుకు.”

ఫొటో దొరకలేదు. ఆయన కోటు లోపలి జేబులో, అట్ట ఊడిన పాత పుస్తకం మాత్రం దొరికింది. అందులో ఒకే పేజీ రాసి ఉంది. పెయిజీ పైకి చదివింది.

“1969 ఆగస్టు 9. ఆడది. కన్ను ముదురు పచ్చ. నూట తొంభై నాలుగు పౌండ్లు. కోసి చూస్తే కడుపులో రెండు గుడ్డు సంచులు. పట్టింది నేనే.”

టోర్మడ్ గోడ మీది ఫొటో కేసి చూసి, మేకును తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంకో ఫొటో అక్కర్లేదు పెయిజీ. ఇన్నేళ్లూ మనం గ్లాసెత్తింది ఈయనకే.”