తక్కువ పన్ను

“చాలదు,” అన్నాడు ఐలీఫ్, కాగితాలను అద్దం కింది సందులోంచి వెనక్కి తోస్తూ.

“ఏం చాలదు? ప్రేమా?” అంది యోరున్.

“ఆదాయం, యోరున్ గారూ. మీ ఆయన్ని మనీలా నుంచి పిలిపించుకోవాలంటే, ఆయన్ని పోషించే స్తోమత మీకుందని నిరుటి పన్ను కాగితం చెప్పాలి. ఇది చెప్పడం లేదు.”

ఉత్తర నార్వే ఒడ్డున గ్రోవిక్ రేవులో యోరున్ గొంతు ఎరగని మనిషి లేడు. పొగమంచులో లైట్‌హౌస్ కనబడకపోయినా ఫరవాలేదు, ఆమె ఎవర్నో ఒకర్ని తిడుతుంటే చాలు, ఆ గొంతు వినబడ్డ దిక్కుకు పడవలన్నీ క్షేమంగా చేరతాయి. ఇప్పుడా గొంతు పోలీసు స్టేషన్లో లేచింది; ఇక్కడ వీసాలూ పాస్‌పోర్టులూ చూసేది పోలీసులే. ఆమె వెనక పాస్‌పోర్టుల కోసం వరసలో నిలబడ్డవాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టేశారు, సావకాశంగా వినడానికి.

“నిరుడు పడవ మునిగేటన్ని చేపలు తెచ్చానయ్యా! నువ్వు కొనుక్కుని తినలేదూ?”

“తిన్నాను. బాగున్నాయి కూడా. కానీ ఇంజను బాగుచేయించిన ఖర్చంతా ఇందులో తీసేసి చూపించారు. అది పోగా మిగిలిందే మీ ఆదాయం.”

“అలా చూపిస్తే పన్ను తగ్గుతుందని మా లెక్కలాయన చెప్పాడు! తగ్గిందని వాడికి కేకు కూడా చేసి పెట్టాను!”

“ఆ కేకు నేనూ తిన్నానమ్మాయ్,” అన్నాడు వరసలోంచి ఒక ముసలాయన. “ఇంత తక్కువ పన్ను కట్టిన మొనగాడు ఈ రేవులోనే లేడని ఊరందరికీ పంచావు కదా.”

“నువ్వు నోర్ముయ్ పెద్దాయనా!” యోరున్ మళ్ళీ అద్దంవైపు తిరిగింది. “మా రోడెల్ ఓడలో వంట చేసినవాడు. ఇక్కడ దిగిన మర్నాడే ఏదో ఒక పొయ్యి దగ్గర చేరతాడు. అక్కడ ఆ మండుటెండలో ఉన్ని స్వెట్టరు తొడుక్కుని కూర్చుంటున్నాడయ్యా రోజూ, మన చలి అలవాటు చేసుకోవాలని! అలాంటి మనిషి నీ సర్కారును చెయ్యిచాచి అడుగుతాడా?”

“అడగడు. కానీ రూలు రూలే. ఈ కాగితాలు పైకి పంపితే మీ ఫీజు పోతుంది, మనిషి మాత్రం రాడు. వచ్చే ఏడు ఆదాయం బాగుంటే మళ్ళీ పెట్టుకోండి.”

యోరున్ కాగితాలు చంకన పెట్టుకుని, తలుపు విసిరికొట్టి, తిన్నగా రేవులోని కాఫీ కొట్టుకు వెళ్ళింది. ఫోను తీసి పన్నుల జాబితా తెరిచింది. ఈ దేశంలో ఎవరి ఆదాయమెంతో ఎవరైనా చూడొచ్చు. కాకపోతే, చూసిన మనిషెవరో అవతలివాడికి తెలిసిపోతుంది. అందుకని గ్రోవిక్‌లో మర్యాద తెలిసినవాళ్ళెవరూ పక్కింటివాడి ఆదాయం తాము చూడరు. ఓస్లోలో ఉండే మేనత్త కూతురి చేత చూపిస్తారు.

“మా చెల్లెలికి ఫోన్ చేసి చూడమననా?” అంది కాఫీ పోస్తున్న గుద్వెయిగ్, మర్యాద తెలిసిన మనిషి కనక.

“అక్కర్లేదు. నా పేరుతోనే చూస్తా. తెలియనీ వాడికి!”

చూసింది. అంతే, ఒక్క నవ్వు నవ్వింది. ఆ నవ్వుకు కొట్టు కప్పుమీద సముద్రపు పక్షులు లేచిపోయి, మళ్ళీ ఐస్‌లాండులో గానీ వాలలేదు.

స్టేషన్లో వరస వరసలాగే ఉంది. పని అయిపోయినవాళ్ళు కూడా, బయట చలిగా ఉందని చెప్పుకుంటూ గోడవార నిలబడ్డారు. యోరున్ వాళ్ళందర్నీ తోసుకుంటూ వెళ్ళి అద్దంమీద అరచేత్తో చరిచింది.

“ఏమయ్యా ఐలీఫ్! ఈ స్టేషను తెరిచేది వారంలో సగం రోజులు. నీకిచ్చేదీ సగం జీతం. నాకు చాలదన్నావే, నీ ఆదాయం నాకంటే తక్కువ!”

వరసలో ఎవరో ఈల వేశారు.

“మీరు చూసిన సంగతి తెలిసింది,” అన్నాడు ఐలీఫ్. బల్లమీద అతని ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

“తెలియాలనే చూశాను. ఇంకోటి కూడా తెలుసుకో. ఈ చలికాలం కాడ్ చేపలు ఒడ్డుకు రానీ. నేనిక ఒడ్డుకు రాను! ఇంజనుకు కొత్త మర వేయించినా ఆ ఖర్చు చూపించను. రాజుగారే కబురంపి, ‘ఎందుకమ్మా నీకింత పన్ను, నా ఖజానాలో చోటు లేదు’ అని బతిమాలేదాకా కడతా! అప్పుడొచ్చి ఆ కాగితం నీ ముక్కు కింద పెడతా. మా ఆయన్ని తెచ్చుకుని ఈ వీధిలోనే, నీ కిటికీ ముందే, చెయ్యి పట్టుకుని నడిపిస్తా. నువ్వు మాత్రం ఆ కుర్చీలో, ఆ సగం జీతంతో, ‘చాలదు, చాలదు’ అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటూ కూర్చో!”

గోడవార ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కేకు తిన్న ముసలాయన టోపీ కూడా తీశాడు.

ఐలీఫ్ కుర్చీలోంచి లేచాడు. చప్పట్లు ఆగేదాకా చూశాడు. తర్వాత అద్దం సందు దగ్గరికి వంగి, గొంతు తగ్గించాడు.

“యోరునక్కా, స్టేషను మూసి ఉండే రోజుల్లో నీ పడవలో నాకేమైనా పనిస్తావా? మా ఆవిడ ఇంకా నైరోబీలోనే ఉంది.”