మూడో గొట్టం

"మూడో గొట్టం వెయ్యి," అంటూ ఆర్విడ్ తన రైఫిల్‌ని క్లెమ్ బల్ల మీద పెట్టాడు.

క్లెమ్ ఆ ఊళ్లో తుపాకుల మేస్త్రి. ముసలివాడు. చూపు మందగించి తను కాల్చడం మానేశాడు గానీ, భూతద్దం పెట్టుకుని మైక్రోమీటర్ పట్టుకుంటే ఇప్పటికీ వెంట్రుకవాసి తేడా దొరకబుచ్చుకుంటాడు.

"రెండోది వేసి రెండేళ్లు కాలేదు కదయ్యా. ఏం, అన్నంలో నంజుకుంటున్నావా?"

"అది వదులు. ఈ ఆగస్టు సంత కాగానే డెల్మర్‌గాడు అరిజోనా వెళ్లిపోతున్నాడు. ఇల్లు కూడా అమ్మేశాడు. వాడు గెలిచి వెళ్లిపోయాడంటే ఇంక నేను బతికీ దండగ."

ఊరికే అన్నమాట కాదు. సంతలో ఇనప పొట్టేలు బొమ్మల్ని కాల్చి పడగొట్టే పోటీ ఎనిమిదేళ్లుగా డెల్మర్‌దే. మీట లాగి తూటా ఎక్కించే లీవర్ రైఫిల్, చిన్న తూటా, వంద మీటర్ల దూరంలో పది పొట్టేళ్లు. ఎక్కువ పడగొట్టినవాడికి వెండి బెల్టు బిళ్ల. డెల్మర్ ఆ బిళ్లని పెట్టుకుని ఊరుకోడు. ఆర్విడ్ కనబడినప్పుడల్లా రుమాలు తీసి తుడుస్తాడు. పెట్రోలు బంకులో తుడిచాడు. చర్చిలో తుడిచాడు. ఆర్విడ్ తండ్రిని పాతిపెట్టిన రోజు, సమాధి దగ్గర నిలబడి మరీ తుడిచాడు. ఆ రోజే ఆర్విడ్ కడుపులో నిప్పు పడింది.

డెల్మర్‌ని ఓడించిన మనిషి ఊళ్లో ఒక్కరే. ఆర్విడ్ భార్య మార్లిస్. అదీ పెళ్లికి ముందు. పెళ్లయ్యాక ఆర్విడ్ ఆవిడ రైఫిల్ అమ్మేసి, గడ్డి మోపులు కట్టే యంత్రం కొన్నాడు. ఇంటికి ఒక గురికాడు చాలన్నాడు. అప్పట్నించి మొగుడికి సీసం గుండ్లు పోసిపెట్టడం ఆవిడ పనయింది.

క్లెమ్ మెత్తటి సీసం ముద్దని పాత గొట్టంలోకి దిగ్గొట్టి, అవతలి కొసన తీసి కొలిచాడు.

"మూడు వందల పదమూడు," అన్నాడు. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో అన్ని ముక్కలన్నమాట. "పెద్దదేలే. మూడు వందల పదకొండుది వేస్తాను. గుండు మాత్రం పన్నెండు ఉండాలి. గొట్టం కన్నా ఒక్క పిసరు లావు. సన్నగా ఉందో, పెద్ద చెప్పులో చిన్న కాలే. తడబడుకుంటూ పోతుంది. మరీ లావైనా అంతే, నలిగి వంకర పోతుంది."

కొత్త గొట్టం వేసినప్పుడల్లా దానికి తగ్గ ఉక్కు రింగు కూడా ఇస్తాడు క్లెమ్. అచ్చులో కాస్త లావుగా పోసిన గుండుని అందులోంచి నెడితే సరైన కొలతకి వస్తుంది. ఆర్విడ్ ఎప్పట్లాగే దాన్ని తెచ్చి మార్లిస్ చేతిలో పెట్టాడు.

"ఈసారైనా వాడి మొహం మాడాలి."

"నువ్వు కాలుస్తూ ఉండు. నేను పోస్తూ ఉంటాను," అంది మార్లిస్, పొయ్యి మీద సీసం కలుపుతూ.

జూలైలో సాధన మొదలైంది. పది గుండ్లకి నాలుగు పొట్టేళ్లు పడ్డాయి. మర్నాడు మూడే. ఆర్విడ్ రైఫిల్ పట్టుకుని మళ్లీ క్లెమ్ మీదికి వెళ్లాడు.

"నీ గొట్టం తగలెయ్య."

క్లెమ్ మళ్లీ సీసం ముద్ద దిగ్గొట్టాడు. పదకొండే. "గుండ్లు కొలిచావా?"

"అది మార్లిస్ చూసుకుంటుంది. ఆ మసి పని నాకెందుకు?"

"ఒకటి పట్రా."

మర్నాడు పొద్దున మార్లిస్ ఒక గుండుని కాగితంలో చుట్టి ఇచ్చింది. దానితోపాటు రూబార్బ్ కాడలు కూరి కాల్చిన తీపి రొట్టె ముక్క కూడా పెట్టింది. "పాపం, ముసలాయన తింటాడు," అంది.

క్లెమ్ గుండుని తిప్పి తిప్పి మూడుసార్లు కొలిచాడు.

"పన్నెండు. మోంటానా అంతా వెతికినా ఇంత నికరంగా పోసే చెయ్యి దొరకదు. అదృష్టవంతుడివి."

"మరి తప్పెక్కడ?"

క్లెమ్ ఆ తీపి రొట్టె ముక్క నమిలి మింగాడు. "గొట్టం సరిగ్గా ఉంది. గుండు సరిగ్గా ఉంది. ఇంక మిగిలింది నువ్వేనబ్బాయ్."

ఆ మాట ఆర్విడ్‌కి నెలంతా నిద్ర లేకుండా చేసింది. సంత రోజు మాత్రం పళ్లు బిగబట్టి వెళ్లి నిలబడ్డాడు. డెల్మర్ అప్పటికే తొమ్మిది పడగొట్టి కుర్చీలో కూర్చున్నాడు. ఆర్విడ్ మొదటి పొట్టేలు పడింది. రెండోది పడలేదు. మూడోది పడలేదు. పదో గుండు అయ్యేసరికి అయిదు పొట్టేళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి.

డెల్మర్ తీరిగ్గా వచ్చాడు. రుమాలు తీశాడు.

"ఏరా, గొట్టం మళ్లీ మార్చావటగా? ఈసారి కళ్లు మార్చుకో. అరిజోనా నించి బిళ్ల ఫొటో పంపిస్తాలే, గోడకి తగిలించుకుందువుగాని."

సాయంత్రం ఆర్విడ్ వంటగది బల్ల ముందు తల వంచుకుని కూర్చున్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"నా చేతిలోనే లేదు మార్లిస్. ఇన్నేళ్లూ అనవసరంగా గొట్టాల్ని తిట్టాను. నాకసలు గురే లేదు."

మార్లిస్ కాఫీ పోసి అతని ముందు పెట్టింది. భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలే. అందరికీ రాదు," అంది.

అతను కాఫీ తాగి, రైఫిల్ అమ్మేస్తానంటూ వెళ్లి పడుకున్నాక, మార్లిస్ సొరుగు లాగి, క్లెమ్ కొలిచిన ఆ ఒక్క గుండు తప్ప మరేదీ దాటని కొత్త రింగుని, అసలేదీ దాటని పాత రింగులు రెండింటి పక్కన పెట్టి మూసేసింది.