ఒక్కరోజు ప్యారిస్

శ్యామ్‌సుందర్, రేణు దంపతులు ఇండియా నుంచి తిరిగొస్తూ ప్యారిస్‌లో ఒక్కరోజు ఆగారు. ఆ ఒక్కరోజునే నెల రోజులుగా అమెరికాలో తాముండే నేపర్‌విల్ ఊళ్ళోని తెలుగువాళ్ళందరికీ వడ్డిస్తున్నారు.

ఈ శనివారం వాళ్ళింట్లో భోజనానికి దొరికిపోయినవాళ్ళలో కృష్ణమూర్తి ఉన్నాడు. అతని తల్లి ఆండాళ్ళమ్మ కూడా వచ్చింది. వచ్చేవారం ఆవిడ ఇండియాకు తిరుగు ప్రయాణం. దారిలో ప్యారిస్‌లో ఒక్కరోజు ఆగి తీరాలని ఆవిడ పంతం.

“ఒక్కరోజులో ఏమేం చూడాలో నేను చూపిస్తాగా, పిన్నిగారూ!” అన్నాడు శ్యామ్‌సుందర్, స్లైడ్ల కోసం గోడకు దుప్పటి కడుతూ.

“నాకు టవర్లూ అవీ వద్దు నాయనా. అక్కడ మా చిన్నవాడు జగదీష్ ఉన్నాడు. వాణ్ణి కళ్ళారా చూసుకుంటే చాలు.”

“అలాగా! ఏం చేస్తుంటారు?”

“ఇంజనీర్,” కృష్ణమూర్తే అందుకున్నాడు. “వెరీ బిజీ. ఎయిర్‌పోర్ట్‌కి రావడం కూడా డౌటే. వేరే రూట్‌లో టికెట్ బుక్ చేస్తానంటే అమ్మ వినదు.”

లైట్లు ఆరాయి.

టవర్ వచ్చింది. టవర్ కింద రేణు వచ్చింది. నది వచ్చింది. నది పక్కన రేణు వచ్చింది. చీకట్లో ఆవులింతలకు అడ్డూ అదుపూ లేదు.

“ఇప్పుడు చూడండి అసలు కామెడీ!” అన్నాడు శ్యామ్‌సుందర్.

చర్చి ముందు పావురాలు. వాటి మధ్య మాసిన కోటుతో, పెరిగిన గడ్డంతో నేల మీదికి వంగి, తలెత్తి కెమెరా వంక చూస్తున్న మనిషి.

“మన తెలుగువాడే!” అంది రేణు. “మా మాటలు విని పరిగెత్తుకొచ్చాడు. ‘తెలుగువాళ్ళా అండీ?’ అంటూ ఒకటే ఏడుపు. ఈయన ‘సారీ, నో తెలుగు’ అనేశారు. నేనేమో పక్కనుంచి ‘ఎవడండీ వీడు?’ అన్నాను, తెలుగులోనే!”

గదంతా గొల్లుమంది.

“అయినా కదిలితేగా! నా చేతిలో పులిహోర పొట్లం చూసి, ‘ఒక్క ముద్ద పెట్టండమ్మా’ అన్నాడు.”

“పెట్టావా తల్లీ?” వెనక సోఫాలోంచి అడిగింది ఆండాళ్ళమ్మ.

“పెడితే రోజంతా వదలడని మొత్తం పావురాలకు వేసేశాను. వాటితో పోటీపడి ఏరుకున్నాడు! ఈయన టక్కున క్లిక్ చేశారు.”

మళ్ళీ నవ్వులు. ప్యారిస్ వెళ్ళినా ముష్టి బుద్ధి పోదన్నారెవరో. పాపం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

“నెక్స్ట్ వెయ్యండి,” అన్నాడు కృష్ణమూర్తి.

ఎవరూ వినిపించుకోలేదు.

“నెక్స్ట్ వెయ్యమంటుంటే!” ఈసారి అరిచాడు.

నవ్వులు ఆగిపోయాయి. శ్యామ్‌సుందర్ కంగారుగా ప్రొజెక్టర్ మీద చెయ్యి వేశాడు.

అప్పటికే ఆండాళ్ళమ్మ లేచి దుప్పటి దగ్గరకు నడిచింది. ఆవిడ నీడ బొమ్మ మీద పడింది. కాస్త పక్కకు జరిగి, పావురాల మధ్య ఉన్న ఆ ముఖాన్ని అరచేత్తో తడిమింది.

“బొమ్మ మార్చకు నాయనా, మా జగదీష్‌ని చూసి ఆరేళ్ళయింది” అంది.